డాక్టర్ ఆనందీబాయి జోషి: పొకీప్సీలో మన ఆడపడుచు

అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన మన ఆడపిల్లలందరికీ పెద్దక్క వంటిది ఆనందీబాయి జోషి. ఆవిడ మరాఠీ ఇంటి ఆడపడుచు. అయినా మన పిల్లలకు ఆమె కథ చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

1865 మార్చి 31న పుట్టిన యమునకు తొమ్మిదో ఏట పెళ్ళయింది. తనకన్నా ఎన్నో ఏళ్ళు పెద్దవాడైన భర్త గోపాలరావు తపాలా శాఖ ఉద్యోగి. ఆనంది అని పేరు మార్చి, కఠినంగానే అయినా చదువు చెప్పించారు. పద్నాలుగేళ్ళ వయసులో పుట్టిన బిడ్డ పది రోజులకే, సరైన వైద్యం అందక, చనిపోయాడు. డాక్టరు కావాలన్న పట్టుదల ఆ కడుపుకోతలోంచి వచ్చింది.

1880లో ఆమె చదువు కోసం సాయమడుగుతూ గోపాలరావు రాసిన ఉత్తరం ఒక అమెరికన్ మిషనరీ పత్రికలో అచ్చయింది. న్యూజెర్సీలోని రోసెల్‌లో ఉండే థియోడీషియా కార్పెంటర్, పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, అది చదివారు. ముఖమైనా చూడని ఆ అమ్మాయిని ఆదుకుంటానని రాశారు. సముద్రం దాటితే వెలివేసే ఆ రోజుల్లో, 1883లో, ఆనంది భర్త తోడు లేకుండా కలకత్తాలో ఓడ ఎక్కింది.

ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో చీరకట్టు, శాకాహారం వదలకుండా చదివింది. చలి పడలేదు, ఆరోగ్యం దెబ్బతింది. అయినా 1886 మార్చి 11న ఎం.డి. పట్టా అందుకుంది. కొల్హాపూర్ ఆసుపత్రిలో స్త్రీల వార్డు బాధ్యత ఆమె కోసం ఎదురుచూసింది. క్షయ ఆమెను అక్కడికి చేరనివ్వలేదు. 1887 ఫిబ్రవరి 26న పూనాలో కన్నుమూసింది. ఇరవై రెండేళ్ళయినా నిండలేదు.

ఆమె అస్థికలను గోపాలరావు కార్పెంటర్‌గారికి పంపారు. ఆవిడ వాటిని న్యూయార్క్ రాష్ట్రం పొకీప్సీలో తమ కుటుంబ శ్మశానంలో ఉంచారు. ఒకసారి నేను అక్కడికి వెళ్ళి నమస్కరించుకుని వచ్చాను. ఇక్కడ కన్నుమూసిన మన విద్యార్థుల్ని స్వదేశానికి పంపడానికి చందాలు పోగుచేసిన రోజులు ఆ రాయి ముందు గుర్తొచ్చాయి. వాళ్ళను మనం అటు పంపాం, ఆనంది మాత్రం ఇటు తిరిగి వచ్చింది.

ఆ పిల్లల్లో కొందరు మన ఊళ్ళోనే, మనకు తెలియకుండానే ఉండేవారు. అందుకే నా మనవి ఒక్కటే. మీ దగ్గరలోని కాలేజీలో చదివే ఒక్క విద్యార్థినైనా ఈ చలికాలంలో భోజనానికి పిలవండి. ఒంట్లో ఎలా ఉందో అడగండి. ఆనందికి ఒక కార్పెంటర్ దొరికింది. మన పిల్లలకు మనం ఉన్నాం కదా!