ఆజ్ఞాపత్రము లేని యాత్రికుడు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన యీ శుభసమయమున, గ్రంథముల కొఱకే సగము లోకము నడచిన యొక మహనీయుని చరిత్రమును పాఠకులకు విన్నవింప దలచితిని. ఆయన చీనా దేశపు బౌద్ధభిక్షువు హ్యుయాన్‌త్సాంగు. మన కృష్ణాతీరమునకు వచ్చిన యాత్రికుడని బడిపిల్లలు సైతము ఆయన పేరెఱుగుదురు. అయితే ఒక్కొక్క రాజ్యపు పొలిమేర దాటుటకు ఆయన పడిన పాట్లు అంతగా ప్రచారములోనికి రాలేదు. నేడు దేశాంతరము పోవువారు వీసా కొఱకు కార్యాలయముల చుట్టు తిరుగుదురు గదా! నాడును ఆ బాధ కలదు. దస్తావేజుల నడుమ తల నెరసిన లెక్కలవాడను గావున నా మనస్సు ఆ భాగముననే నిలిచినది.

ఆయన క్రీ.శ. 602 ప్రాంతమున జన్మించెను. చిన్ననాటనే అన్నగారి వెంట విహారము చేరి శాస్త్రములు చదివెను. చదివిన కొలది సందేహములు పెరిగెను. చీనాభాషలోని అనువాదములు ఒకదానితో నొకటి పొసగకుండెను. మూలగ్రంథములను భారతదేశమున చదివిననే గాని సంశయము తీరదని నిశ్చయించి, తోడి భిక్షువులతో గూడి రాజధానియగు చాంగాన్ నగరమున దరఖాస్తు పెట్టుకొనెను. తైజుంగు చక్రవర్తి 626లో సింహాసనమెక్కినవాడు; సరిహద్దులింకను కుదుట పడలేదు; ప్రజలు దేశము విడువరాదని శాసనము. అనుమతి రాలేదు. తోడివారు మానుకొనిరి. ఆయన మానలేదు. 627, 629 సంవత్సరముల నడుమ అనుమతి లేకయే బయలుదేరెను.

లియాంగ్‌జౌ పట్టణపు అధికారి వెనుకకు మఱలుమని ఆజ్ఞాపించెను. అచ్చటి భిక్షువొకరు తన శిష్యుల నిద్దఱిని తోడిచ్చి రహస్యముగా సాగనంపెను. పగలు దాగి, రాత్రులు నడచి గ్వాజౌ చేరునప్పటికి, ఆయనను పట్టుకొనుడను ఉత్తరువు వెన్నంటి వచ్చెను. అచ్చటి ఉద్యోగి లీ చాంగ్ ఆ కాగితమును భిక్షువునకే చూపి, ఇందలి మనుష్యుడు తామేనా యని ప్రశ్నించెను. భిక్షువు క్షణకాలము సంకోచించి, పిదప నిజము పలికెను. లీ చాంగ్ ఆయన యెదుటనే ఆ ఉత్తరువును చించివేసి, త్వరగా వెడలిపొమ్మనెను.

సర్కారు కాగితమును ప్రాణమువలె కాచుకొను మాబోటివారికి ఈ ఘట్టము గుండె ఝల్లుమనిపించును. ఆ ఉద్యోగి చేసినది తప్పా, ఒప్పా? నే నెన్నియో మారులు తర్కించుకొంటిని. చట్టము చూచిన తప్పు. కాని ఎదుటివాడు అబద్ధమాడి తప్పించుకొన జూచినయెడల ఆ కాగితము చిరిగెడిది కాదు. అనుమతి లేని ఆ బాటసారికి ఆ దినమున సత్యమే అనుమతిపత్ర మయ్యెను.

యూమెన్ ద్వారము దాటినపిమ్మట ఎడారిలో అయిదు కావలి బురుజులు గలవు. వాని చెంతనే గాని నీరు లేదు. మొదటి బురుజుకడ రాత్రివేళ నీరు ముంచుకొనుచుండగా బాణమొకటి మోకాలికి తగులబోయి తప్పిపోయెను. ఆయన దాగక తాను భిక్షువునని కేకవేసి చెప్పెను. కావలి నాయకుడు ఆహారమిచ్చి, నాలుగవ బురుజునందలి తన బంధువుకడకు పంపెను. ఆతడు అయిదవ బురుజువైపు పోవలదని హెచ్చరించెను. పిదప ఎడారిలో నీటితిత్తి చేజారి ఒలికిపోయెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు గొంతు తడుపుకొనుటకు చుక్క నీరు లేకపోయెను. తుదకు గుఱ్ఱమే ఆయనను నీటికుంట చేర్చెను.

అటుపిమ్మట వింత చిక్కు వచ్చిపడెను. స్వదేశమున వెడలనీయకుండిరి, గావోచాంగ్ రాజు భక్తిచే విడువకుండెను. తన గురువుగా నుండిపొమ్మని, లేనియెడల చీనాకు త్రిప్పి పంపెదనని పట్టుబట్టెను. భిక్షువు అన్నపానములు మానెను. మూడు దినములు గడచి నాలుగవ దినమున ఆయన ఊపిరి సన్నగిలుట చూచి రాజు పాదములపై బడెను. ఒక మాసముండి ధర్మము బోధించుటకును, తిరుగుప్రయాణమున మూడేండ్లు అచ్చట నుండుటకును ఒడంబడిక జరిగెను. రాజు త్రోవలోని రాజ్యములకు 24 లేఖలు వ్రాయించి, ఒక్కొక్క లేఖకు ఒక్కొక్క పట్టుతాను జతపఱచెను. పడమటి తురుష్కుల ఖానునకు 500 పట్టుతానులు, రెండు బండ్ల పండ్లు ప్రత్యేకముగ పంపెను. మంచుకొండలు దాటుటలో పరివారమున పలువురు మరణించిరి. అయినను ఆ లేఖ ఫలించెను. ఖాను తన లేఖలను, చీనాభాష యెఱిగిన దుబాసీని ఇచ్చి ముందుకు పంపెను.

భారతదేశమున నలందా మహావిహారమున శీలభద్రుని శిష్యుడై చదివెను. 639 ప్రాంతమున ఆంధ్రదేశమునకు వచ్చి, వేంగిని దర్శించి, ధాన్యకటకమున కొన్ని మాసములు నిలిచి అభిధర్మము నభ్యసించెను. కంచి చేరి సింహళమునకు పోదలచెను గాని, అచ్చట రాజు మరణించెననియు, కఱవు వచ్చెననియు విని మఱలెను. తిరుగుప్రయాణమునకు హర్షచక్రవర్తి తెల్లని వస్త్రముపై లేఖలు వ్రాయించి, ఎఱ్ఱని ముద్రలు వేయించి, ఉద్యోగులను తోడు పంపెను.

ఒడంబడిక మాత్రము తీరలేదు. 640లో చీనాసేనలు గావోచాంగును జయించెను. ఆ రాజు అంతకు మునుపే కన్నుమూసెను. ఋణము మిగిలెను, అప్పిచ్చినవాడు లేడాయెను.

రెండవ ఋణము స్వదేశమునకు. ఖోటాన్ నగరమున ఆగి, అనుమతి లేక వెడలిన తన తప్పును ఒప్పుకొనుచు చక్రవర్తికి విన్నపము వ్రాసెను. దానిని కొనిపోయినవాడు గావోచాంగ్ యువకుడే! నెలల తరబడి వేచిన పిదప రమ్మని ఉత్తరువు వచ్చెను. 645లో చాంగాన్ ప్రవేశించినప్పుడు జనము దారి పొడవున క్రిక్కిఱిసెను. ఇరువది గుఱ్ఱములపై 657 గ్రంథములు వచ్చెను. చక్రవర్తి ఉద్యోగమిచ్చెదననగా వలదనెను. 664లో మరణించువఱకు 74 గ్రంథములను అనువదించెను.

దొంగవలె వెడలినవాడు దొరవలె తిరిగివచ్చెనని పలువురు మెచ్చుకొందురు. నేను మెచ్చునది వేఱొకటి. దేశమంతయు పొగడుటకు సిద్ధముగా నున్నను, పొలిమేరకడ నిలిచి తన తప్పును తానే లెక్కలో వ్రాసికొని క్షమాపణ కోరుట. అదియే ఆయన గొప్పతనము.

మన గ్రంథాలయమున పుస్తకము కావలసినవారు ఎడారులు దాటనక్కఱలేదు. చిట్టాలో చేవ్రాలు చేసిన చాలును. గడువునకు తిరిగి తెచ్చి యిచ్చినచో, ఆ మహనీయుని మార్గమున ఒక అడుగు వేసినట్లే యగును.