చెట్టుకొమ్మకు కట్టిన ఏరియల్: నూర్ ఇనాయత్ ఖాన్ జీవితం



పాత వాల్వు రేడియోల కాలం మీ ఇంట్లో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. రేడియో కొని తెచ్చుకుంటే సరిపోయేది కాదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి ఏరియల్ కట్టాలి. అది సరిగా కుదరకపోతే వార్తలకు బదులు గరగర వినిపించేది. వినడానికే అంత తీగ కావలసి వస్తే, చేతిపెట్టెలో పట్టే యంత్రంతో సముద్రం అవతలికి కబురు పంపడానికి ఎంత తీగ కావాలి? శత్రు సైనికులు తిరుగాడే వీధిలో ఆ తీగను ఎక్కడ కట్టాలి? నాలుగు నెలలపాటు ఈ ప్రశ్నలతోనే బతికిన ఒక యువతి గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆమె పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు. వీణ వాయించడంలో దిట్ట. ఆయనకు మన హైదరాబాదుతో గట్టి సంబంధం ఉంది. యువకుడిగా ఉన్నప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి మెప్పు పొందారు. ఆయనకు సయ్యద్ అబూ హాషిం మదనీ అనే సూఫీ గురువు దొరికింది కూడా హైదరాబాదులోనే. గురువు మాట తలదాల్చి 1910 సెప్టెంబరు 13న పాశ్చాత్య దేశాలకు ఓడ ఎక్కారు. ఈ తేదీని గుర్తుంచుకోండి. ఈ కథలో అది మళ్ళీ వస్తుంది.

అమెరికాలో ఓరా రే బేకర్ అనే యువతి ఆయనకు పరిచయమైంది. తర్వాత ఆమెను వివాహమాడారు. వారి నలుగురు పిల్లల్లో పెద్దది నూర్. 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. ఆమె తండ్రి తల్లి వైపున టిప్పు సుల్తాను వంశానికి చెందినవారు. కుటుంబం కొన్నాళ్ళు లండనులో ఉండి, ఆ తర్వాత పారిస్ పక్కనున్న సురేన్ పట్టణంలో స్థిరపడింది. 1926లో ఇండియాకు వచ్చిన తండ్రి 1927 ఫిబ్రవరిలో ఢిల్లీలో కన్నుమూశారు. దుఃఖంతో తల్లి గది విడిచి బయటకు రాలేకపోయింది. పదమూడేళ్ళ నూర్ ముగ్గురు చిన్నవారినీ చూసుకుంటూ ఇంటి భారం మోసింది.

పెద్దయ్యాక ఆమె సోర్బాన్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వం చదివింది. హార్ప్, పియానో నేర్చింది. పత్రికలకూ, పారిస్ రేడియోకూ పిల్లల కథలు రాసింది. బుద్ధుని పూర్వజన్మల జాతక కథల్లో ఇరవైంటిని ఇంగ్లీషులో తిరిగి చెప్పి 1939లో పుస్తకంగా వెలువరించింది. ఆ ఏడాదే యుద్ధం మొదలైంది.

1940 జూన్‌లో జర్మను సేనలు పారిస్‌లో అడుగుపెట్టాయి. నూర్ కుటుంబంతో కలిసి ఓడ పట్టుకుని ఇంగ్లండు చేరింది. నూర్, ఆమె తమ్ముడు విలాయత్ అహింసను నమ్మి పెరిగినవారు. అయినా, ఇంత దారుణం జరుగుతుంటే చూస్తూ కూర్చోవడం తప్పని ఇద్దరికీ తోచింది. ప్రాణం తీయకుండా చేయగల పనుల్లో అన్నిటికన్నా అపాయకరమైనది ఎంచుకోవాలని నిశ్చయించుకున్నారు. 1940 నవంబరులో నూర్ విమానదళ మహిళా విభాగంలో చేరింది. అక్కడ ఆమెను వైర్‌లెస్ శిక్షణకు ఎంపిక చేశారు.

శత్రువు ఆక్రమించిన దేశాల్లోకి రహస్యంగా మనుషుల్ని పంపేందుకు బ్రిటిషు ప్రభుత్వం ఒక సంస్థను నడిపేది. దాని పేరు స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్. ఫ్రెంచి సొంత భాషలా మాట్లాడే వైర్‌లెస్ మనిషి కావలసివచ్చి వాళ్ళు నూర్‌ను పిలిచారు. పట్టుబడితే యుద్ధఖైదీకి ఉండే రక్షణ ఉండదనీ, మరణదండన తప్పకపోవచ్చనీ ముందే చెప్పారు. ఆమె ఒప్పుకుంది. శిక్షకుల్లో కొందరు ఈమె ఈ పనికి తగదని రాశారు. సుతిమెత్తని మనిషి, అబద్ధం ఆడటం రాదు. కానీ పారిస్‌లో ఆపరేటర్ల కొరత చాలా ఉంది. 1943 జూన్ 16 రాత్రి చిన్న లైసాండర్ విమానం ఆమెను ఆంజే నగరం దగ్గర పొలాల్లో దింపింది. బ్రిటను నుంచి ఆక్రమిత ఫ్రాన్సుకు వెళ్ళిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ నూరే. అక్కడ ఆమె రహస్యనామం మదలేన్.

ఇప్పుడు ఆమె చేతిలోని పెట్టె సంగతి చూద్దాం. చూడటానికి అది మామూలు ప్రయాణపు సూట్‌కేసు. లోపల కబురు పంపే యంత్రం, కబురు వినే యంత్రం, కరెంటు సరిచేసే భాగం, చెవులకు పెట్టుకునే ఫోన్లు, మోర్స్ మీట, చుట్టిన తీగ ఉండేవి. బరువు దాదాపు 15 కిలోలు. ఇలాంటి పెట్టెల శక్తి ఇరవై వాట్లకు కాస్త అటూ ఇటూ, అంటే చిన్న బల్బుకు పట్టేటంత కరెంటు. అంత కొద్దిపాటి శక్తితో పారిస్ నుంచి ఇంగ్లండుకు కబురు ఎలా వెళ్ళేది?

కిటుకు ఆ చుట్టిన తీగలోనే ఉంది. రేడియో తరంగానికి ఒక పొడవు ఉంటుంది. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర అది సుమారు 43 మీటర్లు. ఏరియల్ అందులో సగం, అంటే 21 మీటర్లు ఉంటే, యంత్రం ఇచ్చిన శక్తిలో చాలా భాగం తరంగమై గాలిలోకి వెళ్తుంది. తీగ మరీ కురచైతే ఆ శక్తి ఏరియల్ దాకా సరిగా ఎక్కదు, ఎక్కినదాంట్లోనూ కొంత వేడిగా వృథా అవుతుంది. తీగ చుట్ట ఒకటి మధ్యలో చేర్చి ఆ లోటును కొంత పూడ్చవచ్చు గాని పూర్తిగా పూడ్చలేం. ఏరియల్ నేలకు ఎంత ఎత్తున ఉంటే అంత మంచిది. గాలిలోకి లేచిన తరంగం వంద కిలోమీటర్లకు పైన ఉన్న అయనోస్ఫియర్ పొరకు తగిలి కిందికి వంగి దూరదేశంలో దిగుతుంది. అందుకే కొద్ది శక్తి అయినా చాలు.

ఇక్కడ మరో సంగతి ఉంది. నూర్ దగ్గర ఏరియల్ చిన్నది. ఇంగ్లండులో గ్రెండన్ అండర్‌వుడ్ గ్రామం దగ్గర వినే కేంద్రానికి పెద్ద పెద్ద ఏరియల్స్ ఉండేవి. యువతులు అనేకమంది చెవులకు ఫోన్లు తగిలించుకుని రాత్రింబవళ్ళు వంతులవారీగా కూర్చునేవారు. గరగరల మధ్య నుంచి సన్నని టిక్కుటిక్కును ఏరుకునేవారు. మీట కొట్టే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకం. చేతిరాతను పోల్చుకున్నట్టు దాన్నిబట్టి మనిషిని గుర్తుపట్టేవారు. బలహీనమైన గొంతు దూరం చేరాలంటే మాట్లాడేవారి ప్రయత్నం ఒక్కటే చాలదు. వినేవారి ఓపిక కూడా తోడవాలి.

అయితే కబురు చేర్చే ఆ తీగే ఆపరేటర్‌ను పట్టిచ్చేది కూడా. తరంగం ఇంగ్లండు వైపే పోదు, అన్ని వైపులా పోతుంది. గుండ్రంగా చుట్టిన ఏరియల్‌ను తిప్పి చూస్తే అది ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెలుస్తుంది. జర్మన్లు రెండు మూడు చోట్ల నుంచి దిక్కులు చూసి, మ్యాపు మీద గీతలు గీసి, ఆ గీతలు కలిసే పేటకు వాన్లు పంపేవారు. ఆపైన కోటు లోపల చిన్న రిసీవరు దాచుకున్న మనిషి వీధివీధీ నడిచేవాడు. ఒక్కో పేటకు కరెంటు ఆపి ఎప్పుడు టిక్కుటిక్కు ఆగుతుందో చూసేవారు. ఒకేచోట అరగంట కూర్చుంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అందుకే నూర్ ఈ రోజు ఒక ఇంట్లో, రేపు మరో ఇంట్లో కబురు పంపేది. వెళ్ళిన ప్రతిచోటా తీగ విప్పాలి, కట్టాలి, మళ్ళీ చుట్టాలి.

నూయీలో ఒక ఫ్లాటులో ఉన్నప్పుడు జరిగిందని చెప్పే సంఘటన ఒకటుంది. ఆ వీధి నిండా జర్మను అధికారులే ఉండేవారు. ఒక సాయంత్రం ఆమె ఇంటి ముందు చెట్టుకొమ్మకు తీగ తగిలించబోతుంటే ఒక జర్మను అధికారి అటుగా వచ్చాడు. సంగీతం వినడానికి కాబోలనుకుని మర్యాదగా ఆ తీగ అందుకుని తానే కొమ్మకు కట్టి వెళ్ళాడట. మరోసారి మెట్రో రైలులో ఇద్దరు సైనికులు పెట్టెలో ఏముందని అడిగితే, సినిమా చూపించే యంత్రమని చెప్పి మూత కొంచెం తెరిచి చూపిందట. అబద్ధం ఆడటం చేతకాదని శిక్షకులు రాసిన పిల్ల ఈమెనే.

ఆమె పారిస్ చేరిన పది రోజుల్లోనే అక్కడి రహస్య దళం కూలిపోయింది. నాయకుడు ఫ్రాన్సిస్ సటిల్ జూన్ 24న పట్టుబడ్డాడు. వందలమంది అరెస్టయ్యారు. తోటి ఆపరేటర్లు కూడా చిక్కారు. తిరిగి వచ్చేయమని లండను అవకాశం ఇచ్చింది. ఆమె రానన్నది. తాను వెళ్ళిపోతే పారిస్ నుంచి లండనుకు మాట అందించేవారు ఉండరని ఆమెకు తెలుసు. ఆయుధాలు దింపే చోట్లు, కూలిన విమానాల నుంచి బయటపడ్డవారిని దాటించే దారులు, డబ్బు సంగతులు అన్నీ ఆ ఒక్క తీగ మీదుగానే వెళ్ళవలసి వచ్చింది. వేసవి దాటి శరత్కాలం వచ్చేదాకా ఆమె ఆ పని చేసింది.

చివరికి ఆమెను పట్టించింది జర్మను వాన్లు కాదు, డబ్బుకు ఆశపడిన మనిషి. 1943 అక్టోబరు మధ్యలో ఆమె గదిలోనే ఆమెను పట్టుకున్నారు. చిన్నగా కనిపించే ఆ మనిషి కరిచి, రక్కి, పెనుగులాడింది. రహస్య పోలీసుల కార్యాలయానికి తెచ్చిన వెంటనే స్నానాల గది కిటికీ గుండా పారిపోబోయింది. నవంబరులో మరో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు మీదుగా బయటపడింది. సరిగ్గా అప్పుడే విమానదాడి సైరన్ మోగడంతో కాపలావాళ్ళు గదులు తనిఖీ చేశారు. ముగ్గురూ దొరికిపోయారు. మళ్ళీ పారిపోనని సంతకం చేయమంటే ఆమె చేయలేదు. ప్రశ్నించినవారికి ఆమె ఏమీ చెప్పలేదని యుద్ధం తర్వాత ఆ కార్యాలయ అధికారే ఒప్పుకున్నాడు.

కానీ ఒక పొరపాటు జరిగింది, దాన్ని దాచడం న్యాయం కాదు. పంపిన కబుర్లన్నీ ఆమె ఒక నోటుపుస్తకంలో ఉంచుకుంది. యంత్రంతో పాటు ఆ పుస్తకమూ జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్ళు ఆమె పేరుతోనే లండనుకు కబుర్లు పంపసాగారు. ఓపికగా వినే కేంద్రమే ఈసారి మోసపోయింది. అనుమానించవలసిన సూచనలు వచ్చినా లండను అధికారులు నమ్ముతూనే పోయారు. ఆ నమ్మకంతో 1944 ఫిబ్రవరి చివరన పారాచూట్లతో దింపిన కొత్తవాళ్ళు నేరుగా శత్రువు చేతుల్లో పడ్డారు. వారిలో మదలేన్ దమెర్మాన్ అనే ఫ్రెంచి యువతి ఒకరు. ఆమె భక్తిగల కతోలిక స్త్రీ.

నూర్‌ను జర్మనీకి తరలించి ఫోర్ట్స్‌హైమ్ జైలులో ఒంటరి గదిలో వేశారు. సుమారు పది నెలలు చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళు. 1944 సెప్టెంబరులో ఆమెనూ మరి ముగ్గురు స్త్రీలనూ దహౌ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. ఆ ముగ్గురిలో మదలేన్ దమెర్మాన్ కూడా ఉంది. మర్నాడు నలుగురినీ కాల్చి చంపారు. నూర్ వయసు ముప్పై. ఆ రోజు సెప్టెంబరు 13. ముప్పై నాలుగేళ్ళ కిందట ఆమె తండ్రి ఇండియా తీరం విడిచిన తేదీ అది.

యుద్ధానంతరం ఫ్రాన్సు ఆమెకు క్రోయ్ ద గేర్ ఇచ్చింది. బ్రిటను 1949లో జార్జి క్రాస్ ఇచ్చింది. 2012లో లండనులోని గోర్డన్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం వెలిసింది.

పాఠకులారా, నూర్ చేతిలోని విద్య యుద్ధంతో పోలేదు. ఇప్పుడు దానితో ఎవరికీ ప్రాణాపాయం లేదు. హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్ళు ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, అయిదు వాట్లకు మించని చిన్న యంత్రాలతో దేశదేశాల వారితో మాట్లాడుతున్నారు. సంచిలో చుట్టిన పది ఇరవై మీటర్ల తీగ, కొమ్మ మీదికి విసరడానికి రాయి కట్టిన తాడు, లేదా మడిచి పెట్టుకునే పొడవాటి గెడ వాళ్ళ సామగ్రి. 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవుల్ని ముంచినప్పుడు, రేడియో ప్రసారాల కోసం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి ఉన్న ఆ సంస్థ బృందం, టెలిఫోన్లు మూగబోయిన చోటు నుంచి అయినవారి క్షేమసమాచారం బయటి ప్రపంచానికి అందించింది. పెద్ద స్తంభాలు కూలినప్పుడు చెట్టుకు కట్టిన చిన్న తీగ పనికొచ్చింది.

నూర్‌కు బలమైన యంత్రం లేదు, ఎత్తైన స్తంభం లేదు. తన మాట అవసరమైన చోటును ఆమె విడిచిపెట్టలేదు, అంతే. మన ఇళ్ళలో, విచారణల్లో కూడా సన్నని గొంతులు కొన్ని ఉంటాయి. మంచం పట్టిన ముసలమ్మ, ఊరుగాని ఊరిలో చదువుతున్న పిల్లవాడు, నోరు విప్పడానికి జంకే కోడలు. ఆ మాట మనదాకా రావాలంటే మన చెవి తెరిచి ఉండాలి. అలాగే వినిపించే ప్రతి మాటా నిజంగా ఆ మనిషిదేనా అని గమనించే మెలకువా ఉండాలి. ఈ రెండింటిలో మొదటిదాని విలువ ఆమె ఆ తీగతో పనిచేసిన నాలుగు నెలలు చెబుతాయి. రెండోది లేకపోతే ఏమవుతుందో దమెర్మాన్ చావు చెబుతుంది.