థామస్ హాబ్సు జీవితము: ఇచ్ఛాస్వాతంత్ర్య విచారము

థామస్ హాబ్సు 1588వ సంవత్సరమున ఇంగ్లండులోని మామ్స్‌బరీ ప్రాంతమున జన్మించెను. మతగురువైన తండ్రి యొక కలహమున చిక్కి యూరు విడిచిపోగా, ధనికుడగు తండ్రి సోదరుడు బాలునకు విద్య చెప్పించెను. హాబ్సు ఆక్సుఫర్డున పట్టము పొంది, 1608లో కేవెండిషు ప్రభువుల యింట నుపాధ్యాయుడయ్యెను. 1640లో రాజునకును పార్లమెంటునకును వైరము ముదురగా పారిసు నగరమునకు పోయి 11 సంవత్సరములు ప్రవాసమున గడపెను.

అచ్చటనే 1645లో న్యూకాసిలు ప్రభువు నెదుట, తనవలెనే ప్రవాసియైన బ్రామ్‌హాలను బిషప్పుతో నాతనికి ఇచ్ఛాస్వాతంత్ర్యమును గూర్చి వాదము జరిగెను. సర్వకార్యములకువలెనే మనుష్యుని సంకల్పమునకును కారణమున్నదని హాబ్సు మతము. అయినను మనుష్యుడు స్వతంత్రుడే యని యాతడు చెప్పెను. ఏలయన, స్వాతంత్ర్యమనగా కోరినది చేయుటకు అడ్డు లేకుండుటయే. కాలువలో నీరు అవశ్యముగను, స్వేచ్ఛగను గూడ ప్రవహించుచున్నది గదా! సంకల్పమే బద్ధమైనచో నిది పేరునకు మాత్రమే స్వాతంత్ర్యమనియు, శాసనములు అన్యాయములును హితబోధ వ్యర్థమును అగుననియు బిషప్పు ఆక్షేపించెను. శిక్షయు బోధయు సంకల్పమును తీర్చిదిద్దు కారణములే గనుక వ్యర్థములు గావని హాబ్సు బదులు చెప్పెను.

రహస్యముగ నుంచదలచిన హాబ్సు వ్రాత 1654లో నాతని యనుమతి లేకయే అచ్చుపడెను. బిషప్పు 1655లో తన వాదమును, హాబ్సు 1656లో ప్రత్యుత్తరమును ప్రకటించిరి. అప్పటికిని వాదము తెగలేదు.

నిర్వచనము మార్చుటచే వాదము మారినదా? ఒక ప్రశ్న రెండైనది. ఎవరైన నడ్డగించిరా యనునది మొదటిది. న్యాయస్థానమున కిది ముఖ్యమే గాని, హాబ్సు నిర్వచనము దీనికిని చాలదు. తుపానులో ప్రాణభయముచే సరకును సముద్రమున పాఱవేయుటయు నాతనికి స్వేచ్ఛాకృత్యమే. మన 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమో, బెదరింపుచే నొసగిన సమ్మతిని స్వేచ్ఛాసమ్మతిగా నంగీకరింపదు.

సంకల్పము మఱియొక విధముగ నుండగలిగెడిదా యనునది రెండవ ప్రశ్న. వితంతువైన కుమార్తెకు పునర్వివాహము నిరాకరించు తండ్రి నెవ్వరును నిర్బంధింపలేదు. ఆతడు కోరినదే చేయుచున్నాడు. ఆ కోరికను ఆచారము కల్పించినది. ఆతనిని స్వతంత్రుడని పిలిచినంతమాత్రమున కుమార్తె దుఃఖము తీఱునా? బోధయు నొక కారణమేయని హాబ్సు నేర్పిన మాట సంస్కర్తకు ధైర్యమొసగును. కాని పశ్చాత్తప్తుడు, నేను వేఱుగ చేసియుండవచ్చునే యని వగచునపుడు, ఆ వగపు సత్యమో భ్రమయో యే నిర్వచనమును తేల్చజాలదు.

హాబ్సు 1679లో, 91వ యేట పరమపదించెను. 1683లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము ఆతని గ్రంథములను తగులబెట్టించెను. గ్రంథములు కాలినను ప్రశ్న కాలలేదు. పదమును సవరించి తృప్తి చెందక, ప్రతిదినము మన సంకల్పమునే పరీక్షించుకొనుట ఈశ్వరభక్తులకు విధి.