గొలుసుకు లొంగని కోడి రామమూర్తి

విజయవాడ ఆటోనగర్‌లో చెడిపోయిన లారీని గొలుసు కట్టి మరొక లారీ లాగుకొనిపోయే దృశ్యం నిత్యం కనిపించేదే. బిగుసుకొన్న ఆ గొలుసును చూస్తే కోడి రామమూర్తినాయుడుగారు జ్ఞప్తికి రాక మానరు. ఆయన పేరెత్తితే విద్యార్థులలో ఒక వాదం బయలుదేరడమూ అంతే సహజం. నాయుడుగారూ, గామా పహిల్వానూ గోదాలో తలపడి ఉంటే జయమెవరిది? శాండో వచ్చి ఉంటే?

శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో 1880ల తొలినాళ్లలో ఆయన జన్మించినారు. తల్లి చిన్ననాడే గతించగా, తండ్రి ఆయనను విజయనగరంలోని పినతండ్రి వద్దకు పంపినారు. బాలునికి చదువుకంటె సాముగరిడీలపైననే మక్కువ. మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, కొంతకాలం బడిలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసినారు. మన ఉపాధ్యాయులలో ఎందరికి ఈ సంగతి తెలుసునో! తరువాత సొంత సర్కస్ పెట్టి దేశమంతటా తిరిగినారు. శాకాహారి; ప్రాణాయామమే తన బలానికి మూలమని నమ్మినవారు. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును తెంచడం, చెక్కపలక వేయించుకొని రొమ్ముపై ఏనుగును నడిపించుకోవడం, ఇరువైపులా రెండు కార్లను కదలకుండా ఆపడం ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడన్న బిరుదు అట్లా వచ్చినదే.

కార్ల సంగతి కొంచెం విచారించాలి. రెండూ సమానబలంతో లాగితే నడుమనున్న మనిషి ఏ వైపుకూ జరగడు. ఒక కారుకు బదులు గొలుసును గోడకు బిగించినా లాగుడు అంతే. ఆనాటి కార్లూ నేటివంటివి కావు; ఫోర్డు మోడల్ టి ఇంజనుది 20 గుర్రాల శక్తి. ఐతే ఈ లెక్కవల్ల ఆయన ఘనత తగ్గిపోదు. ఒక కారు లాగుడు మొత్తం రెండు భుజాల కీళ్లమీదా పడుతుంది. ఒక డ్రైవరు తొందరపడినా కీలు ఊడుతుంది. ఆటోనగర్ మేస్త్రీలకు ఇది వివరించనక్కరలేదు.

ఇక గామా. కుస్తీలో ఎదుటివాడు గొలుసువలె ఊరుకోడు. పట్టు విడిపించుకుంటాడు, పట్టు మారుస్తాడు. శాండో ప్రధానంగా కండరాల సౌష్ఠవం చూపి, బరువులెత్తి పేరొందినవాడు. అందువల్ల గోదాలోనైతే నా మొగ్గు గామావైపే. ఆంధ్రులు కోపగించినా సరే. గొలుసు పందెమైతే నాయుడుగారిదే.

గోదా మాటకూ పూచీ పడలేను. 1910లో లండనులో పోలండు మల్లుడు జిబిస్కోతో గామా రెండున్నర గంటలకు పైగా పెనుగులాడినా ఫలితం తేలలేదు. జిబిస్కో నేలకు కరుచుకొనిపోయి అత్యధిక సమయం గడిపినాడు. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను గామా నిమిషమైనా గడవకముందే పడవేసినాడు. నిజంగా తలపడిన ఇద్దరి విషయమే రెండు విధాలైతే, తలపడనివారి సంగతి తేల్చేదెట్లా?

నాయుడుగారి చివరి దినాలు ప్రదర్శనలకు దూరంగా గడిచినాయి. గొలుసులు తెంచిన మనిషికి పుండు ముదిరి ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. ఆర్జించినదానిలో విశేషభాగం దానధర్మాలకే పోయింది. ఒడిశాలోని బలంగీరులో 1942 జనవరిలో ఆయన కన్నుమూసినారు. గామా లాహోరులో, రోగంతోను లేమితోను, 1960 వరకు జీవించినాడు.