వైమానిక వీరుడు ఇంద్రలాల్ రాయ్

1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన అమెరికా దేశమున రైట్ సోదరులు తాము నిర్మించిన యంత్రముపై తొలిసారిగా ఆకసమున కెగిరిరి. ఆ దినమున వారు సాగించిన ప్రయాణములలో మిక్కిలి దీర్ఘమైనదియు ఒక నిమిషము నిండకయే ముగిసెను. అప్పటికి ఇంద్రలాల్ రాయ్ అయిదేండ్ల బాలుడు. విమానమును ఆ బాలుడును ఏకకాలమున పెరిగిరనుట తప్పు కాదు. పక్షివలె నెగురవలెనని మానవుడు యుగయుగములుగా కన్న కల ఫలించిన పదునొకండేండ్లకే, ఆ యంత్రమును యుద్ధసాధనముగా మార్చు దుర్దినములు వచ్చినవి. ఇంద్రలాలుని జీవితమునకు కీర్తిని తెచ్చినదియు, దానిని హరించినదియు ఆ యంత్రమే.

ఇంద్రలాల్ రాయ్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. అతని తండ్రి ప్యారీలాల్ రాయ్ పేరుపొందిన బారిష్టరు. వారిది నేటి బంగ్లాదేశమునందలి బారిసాల్ ప్రాంతమున లఖూటియా జమీందారుల వంశము. తల్లి లలితాదేవి విద్యావతి, ధైర్యశాలిని. ఆమె తన బిడ్డలకు మంచి చదువు చెప్పింపదలచి వారితో లండను నగరమున కాపురముండెను. ఆంగ్లదేశపు స్త్రీలు తమకు ఓటుహక్కు కావలెనని 1911వ సంవత్సరము జూన్ నెలలో జరిపిన మహాప్రదర్శనమున, చీరలు ధరించిన భారతస్త్రీలతో కలిసి ఆమెయు నడిచెను. పరాయి నగరపు వీథులలో వేలజనము చూచుచుండగా తలయెత్తి నడిచిన ఆ తల్లికి ఇంద్రలాల్ వంటి కుమారుడు కలుగుట వింత గాదు. అన్నయైన పరేశ్‌లాల్ ముష్టియుద్ధమున ఆరితేరినవాడు. పిమ్మట ఆ క్రీడకు మన దేశమున మూలపురుషుడుగా పేరొందెను. ఇంటిలో ఇంద్రలాలుని ముద్దుపేరు లాడీ.

అతడు లండనులోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివెను. అచట విద్యార్థుల సైనికశిక్షణ దళమునందును చేరెను. 1914వ సంవత్సరము ఆగస్టు నెలలో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమగునప్పటికి అతని వయస్సు పదునైదేండ్లు. ఆ యుద్ధకాలమున మన దేశమునుండి 10 లక్షలకు పైగా జనులు సైనికులుగను, సేవకులుగను విదేశములకు పోయిరి. అన్న పరేశ్‌లాల్ సైతము సైన్యమున చేరెను. తమ్ముని చూపుమాత్రము నేలపై నిలువలేదు. అతడు విమానచోదకుడు కాగోరెను.

ఆ కోరికకు మొదట కన్నులే అడ్డు వచ్చినవి. వైద్యపరీక్షలో దృష్టి చాలదని అతనిని త్రోసిపుచ్చిరట. పదునెనిమిదేండ్ల యువకుడు మరియొకడైనచో అంతటితో ఊరకుండెడివాడు. ఇంద్రలాల్ తన మోటారు సైకిలును అమ్మివైచి, ఆ సొమ్ముతో ప్రసిద్ధుడైన నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొని, మొదటి తీర్పును మార్పించెనని చెప్పుదురు. మోటారు సైకిలు అన్నచో ఆ వయస్సువారికి ఎంతటి ప్రీతియో తెలిసినవారు ఆ త్యాగమును తక్కువగా నెంచరు.

1917వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అతడు రాయల్ ఫ్లయింగ్ కోరు అను వైమానిక దళమున చేరెను. జూలై నెలలో సెకండ్ లెఫ్టినెంటు పదవి లభించెను. ఆ కాలమున భారతీయునకు అట్టి పదవి లభించుట మిక్కిలి అరుదు. ఆ దళమున చోదకులుగా చేరిన మనవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారిలో హర్దిత్ సింగ్ మాలిక్, శ్రీకృష్ణ వెలింకర్, ఎరోల్ చందర్ సేన్ అనువారు ముఖ్యులు. వెలింకర్ యుద్ధమున మరణించెను. సేన్ శత్రువులకు బందీ యయ్యెను. మాలిక్ బ్రతికి వచ్చి, స్వతంత్రభారతమునకు ఫ్రాన్సుదేశమున రాయబారిగా పనిచేసెను.

శిక్షణ ముగిసిన పిమ్మట ఇంద్రలాల్ అక్టోబరు నెలాఖరున 56వ దళమునకు చేరెను. ఆ దళమువారు నడపునది ఎస్.ఇ.5ఏ అను ఒంటరి చోదకుని విమానము. నాటి విమానములు కొయ్యచట్రమునకు బట్ట కప్పి కట్టినవి. చోదకుని తలపై కప్పు లేదు. మంచుగాలి ముఖమున కొట్టుచుండ, అతడే విమానమును నడుపవలెను, అతడే శత్రువును వెదకవలెను, అతడే మరతుపాకిని ప్రేల్పవలెను. దిగుటలో ఏమాత్రము పొరపడినను ప్రాణాపాయమే. డిసెంబరు 6వ తేదీన ఇంద్రలాల్ నడుపుచున్న విమానము కూలిపోయెను.

ఈ ప్రమాదమును గూర్చి ఒక విచిత్రమైన కథ కలదు. స్మృతి లేక పడియున్న అతనిని మరణించెనని తలచి, శవములనుంచు గదిలో చేర్చిరట. కొంతసేపటికి అతనికి తెలివి వచ్చి, లోపలనుండి తలుపు తట్టగా, ఆ చోటి సేవకుడు భయపడి తలుపు తీయుటకు సాహసింపలేదట. ఇందు కొంత కల్పన యుండవచ్చును. గాయములు మాత్రము కల్పన కావు. వానివలన అతడు పెక్కు మాసములు యుద్ధరంగమునకు దూరమయ్యెను. విమానమెక్కుటకు తగడని వైద్యులు నిర్ణయించిరి.

శయ్యపైనున్న ఆ రోజులలో అతడు కాగితములపై బొమ్మలు గీయుచు కాలము గడపెను. ఆ బొమ్మలలో ఎక్కువ భాగము విమానములవే. వానిలో పెక్కు నేటికిని నిలిచియున్నవి. తన్ను నేలపై పడవైచిన యంత్రమునే అతడు ప్రేమతో చిత్రించుచుండెను. ఇంటికి పోవుటకు అతనికి తగిన కారణమున్నది, ఎవరును నిందించియుండరు. అయినను అతడు అధికారులను వదలక వేడి, మరల పరీక్షలు పొంది, 1918వ సంవత్సరము జూన్ నెలలో తిరిగి విమానమెక్కుటకు అనుమతి సంపాదించెను. ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీనుండి రాయల్ ఫ్లయింగ్ కోరు రాయల్ ఎయిర్ ఫోర్సుగా మారియుండెను. ఇంద్రలాలుని ఫ్రాన్సుదేశమునందలి 40వ దళమునకు పంపిరి.

అచట అతనికి నాయకుడుగా దొరకినవాడు జార్జి మెకెల్రాయ్ అను ఐర్లండు వీరుడు. ఎప్పుడు శత్రువుపై దుముకవలెనో, ఎప్పుడు ఓపిక పట్టవలెనో ఎరిగిన నేర్పరి. గురువు తగినవాడైనప్పుడు శిష్యునిలో దాగిన శక్తి బయటపడుటకు ఎంతో కాలము పట్టదు. జూలై 6వ తేదీన ఇంద్రలాల్ తన మొదటి విజయమును సాధించెను. 8వ తేదీన నాలుగు గంటల వ్యవధిలో మూడు విజయములు లభించెను. 13వ తేదీన రెండు, 15వ తేదీన రెండు, 18వ తేదీన ఒకటి, 19వ తేదీన మరియొకటి. ఇట్లు పదుమూడు దినములలో పది విజయములు అతని లెక్కకు చేరినవి. ఏడు నెలల క్రిందట పనికిరాడని యెంచబడినవానికి ఇది సామాన్యమైన విషయము కాదు. అతడు ఆకసమున గడపిన కాలమంతయు కలిపినను ఇంచుమించు 170 గంటలు మాత్రమే.

పదవ విజయము పొందిన మూడవనాడు, అనగా జూలై 22వ తేదీన, ఇంద్రలాల్ మరల గస్తీకి బయలుదేరెను. కార్వాన్ అను ఊరిపైని ఆకసమున జర్మనుల ఫోకర్ విమానములతో పోరు సంభవించెను. ఆ పోరున అతని విమానమునకు నిప్పంటుకొని నేలకూలెను. ప్రాణరక్షణకు గొడుగువంటి పారాచూటు ఆ కాలమున బ్రిటిష్ చోదకుల కీయబడలేదు. ఇంద్రలాలునకు నాటికి పందొమ్మిదేండ్ల ఏడు నెలలు. అతనికి విద్య గరపిన మెకెల్రాయ్ సైతము తొమ్మిది దినముల పిమ్మట, 31వ తేదీన, యుద్ధమున మరణించెను. నవంబరు 11వ తేదీన యుద్ధము ముగిసెను. ఇంకను నాలుగు నెలలు గడచియుండినచో ఆ యువకుడు తల్లి యెదుట నిలిచియుండెడివాడు.

సెప్టెంబరు నెలలో బ్రిటిష్ ప్రభుత్వము అతనికి విశిష్ట వైమానిక సేవా పతకమును ప్రకటించెను. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అను ఆ గౌరవమును పొందిన భారతీయులలో అతడే ప్రథముడు. పొందినవాడు దానిని చూడలేదు.

ఆ యుద్ధము మనది కాదని కొందరు తలంపవచ్చును. అందు సత్యము లేకపోలేదు. అతడు పోరాడినది పరాయి పతాకము క్రింద. అతడు మరణించి తొమ్మిది నెలలైనను నిండకమునుపే, 1919వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన, ఆ ప్రభుత్వపు సైన్యమే అమృతసరమున జలియన్‌వాలా బాగులో నిరాయుధులైన జనులను కాల్చిచంపెను. కాని పదునెనిమిదేండ్లకు ఆకసమునకు కన్నులెత్తిన బాలునకు ఆ రానున్న సంగతులు తెలియవు. భారతీయుడు విమానమును నడుపజాలునా అను సందేహమునకు అతడు తన ప్రాణముతో సమాధానము చెప్పెను. భారతీయ వైమానిక దళము స్థాపింపబడుటకు మరి పదునాలుగేండ్లు పట్టెను; అది 1932వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన వెలసినది.

కలకత్తాలోని భవానీపురమున ఒక వీథికి ఇంద్రలాలుని పేరు పెట్టిరి. అతని శతజయంతి సందర్భమున 1998వ సంవత్సరము డిసెంబరు నెలలో భారత తపాలాశాఖ అతని పేర ఒక స్మారక తపాలాబిళ్లను వెలువరించెను. అతని దేహము ఉత్తర ఫ్రాన్సులోని ఎస్తెవెల్ అను చిన్న గ్రామపు శ్మశానవాటికలో నున్నది. ఆ సమాధిఫలకముపై ఫ్రెంచి భాషలోను, వంగభాషలోను అక్షరములు చెక్కబడియున్నవి. వంగభాషలోని వ్రాత, అది మహావీరుని సమాధియని తెలిపి, గౌరవింపుడనియు తాకకుడనియు కోరుచున్నది. ఆ గ్రామవాసులలో ఆ లిపిని చదువగలవారు అరుదు. మన దేశమునుండి ఆ దారిని పోవువారు మాత్రము, అన్యదేశపు మట్టిలో తమ దేశపు అక్షరములను చూచి ఒక్కక్షణము నిలిచిపోవుదురు.