సావిత్రీబాయి ఫూలే – ఆమె తెరచిన తలుపు

పూనా నగరంలో బుధవార పేటలోని భిడేవాడా అనే ఇంటిలో 1848వ సంవత్సరంలో బాలికల కొరకు ఒక పాఠశాల వెలసినది. అందులో పాఠం చెప్పుటకు ప్రతిదినం నడచి వెళ్లిన ఉపాధ్యాయిని వయస్సు పదిహేడేండ్లు. దారిలో ఆమెపై బురద, పేడ, రాళ్లు విసరేవారు. వినరాని మాటలు అనేవారు. ఆమె వెంట మరొక చీర తీసుకొని పోయి, బడి చేరగానే మార్చుకొని, పాఠం మొదలుపెట్టేది. సావిత్రీబాయి ఫూలే పేరు చెప్పగానే మన విద్యార్థులకు ఈ చీర కథయే జ్ఞాపకం వస్తుంది. ఆమె జీవితంలో ఇంతకంటె బరువైన ఘట్టం మరొకటి ఉన్నది. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా దానిని గూర్చియే చెప్పదలచినాము.

ఆమె 1831 జనవరి 3న సతారా ప్రాంతంలోని నాయ్‌గావ్ గ్రామంలో జన్మించినది. తొమ్మిదవ ఏట జోతీరావు ఫూలేతో వివాహమైనది. అత్తవారింట అడుగుపెట్టునాటికి అక్షరం రాని ఆ బాలికకు భర్తయే తొలి గురువు. తరువాత ఆమె అహ్మద్‌నగర్‌లోను, పూనాలోను ఉపాధ్యాయ శిక్షణ పొందినది. బడి నడుపుట సహించని లోకానికి వెరచి 1849లో మామగారు వారిని ఇల్లు విడిచి పొమ్మన్నారు. అప్పుడు ఆ దంపతులకు చోటిచ్చినవారు ఉస్మాన్ షేక్. సహోపాధ్యాయిని ఫాతిమా పడుతున్న శ్రమను సావిత్రీబాయి 1856లో భర్తకు వ్రాసిన లేఖలో తలచుకొన్నది. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో, ఒకరు తలుపు తీయడమంటే ఏమిటో ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాము. ఆ కాలపు అగ్రవర్ణ కుటుంబాలలో పది పన్నెండేండ్లకే వితంతువులైన బాలికలు అనేకులు. 1856 నాటి చట్టం వితంతు వివాహానికి అనుమతి ఇచ్చినను ఆచారం ఇవ్వలేదు. తల గొరిగించి, వంటింటి మూలన పడవేసిన ఆ పిల్లలకు ఇంటిలోని బంధువులు, ఇరుగుపొరుగు పెద్దమనుషులే భక్షకులైన సందర్భాలు తక్కువ కాదు. గర్భం నిలిచిన పిదప ఆ పురుషుడు తనకేమీ తెలియదనేవాడు. ఆమెకు మిగిలేది నుయ్యి, లేదా శిశుహత్య.

జోతీరావు మిత్రుని ఇంటిలో వంట చేసే ఒక యువ వితంతువుకు ఇదే గతి పట్టినది. పొరుగున ఉన్న ఒక శాస్త్రి ఆమెను వంచించినాడు. దిక్కు తోచక ఆమె పుట్టిన బిడ్డను చంపినది. న్యాయస్థానం ఆమెకు అండమాన్ ప్రవాస శిక్ష విధించినది. శిక్ష పడినది ఆమెకు మాత్రమే.

1863లో ఆ దంపతులు తమ ఇంటిలోనే బాలహత్యా ప్రతిబంధక గృహం స్థాపించినారు. పూనా గోడలపై ప్రకటనలు అంటించినారు. గర్భవతులైన వితంతువులు రహస్యంగా వచ్చి సురక్షితంగా ప్రసవించవచ్చుననియు, బిడ్డను తీసుకొనిపోవుటయో, అక్కడ విడిచిపోవుటయో వారి ఇష్టమనియు వాటి సారాంశం. మూడే విషయాలు: గోప్యత, రక్షణ, ఆమె ఇష్టం. వచ్చినవారికి పురుళ్లు పోసి, బిడ్డలను సాకే భారం సావిత్రీబాయిది. 1884 నాటికి ముప్పది అయిదుగురు స్త్రీలు ఆ గడప తొక్కినారు.

ఇక్కడ మా సొంత మాట ఒకటి చెప్పుకొనక తప్పదు. కొన్నేండ్ల క్రితం మా తరగతిలో ముందు వరుసన కూర్చొనే ఒక విద్యార్థిని సంవత్సరం నడుమ రావడం మానివేసినది. మేము హాజరు పట్టీలో ఎర్రసిరా గుర్తులు పెట్టుకొంటూ పోయినాము. ఒకడు ఆమెను నెలల తరబడి వెంటాడి, చేయి పట్టుకొన్నాడనియు, ఇంట తెలిసి చదువు మాన్పించి పెండ్లి చేసినారనియు తరువాత తెలిసినది. ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియదు. నిజం చెప్పవలెనంటే ఎవరి వద్దకు పంపవలెనో ఆనాడు మాకును తెలియదు.

2013 నాటి చట్టం, 2015 నాటి యు.జి.సి. నియమాలు ప్రతి కళాశాలలో ఇందుకొక ఫిర్యాదుల కమిటీ ఉండవలెనని విధించినవి. దానికి స్త్రీయే అధ్యక్షురాలు. సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలు, ఒకరు బయటివారు. విద్యార్థుల విషయమైతే విద్యార్థి ప్రతినిధులు కూడ కూర్చుంటారు. ఫిర్యాదు చేసిన వ్యక్తి పేరు బయటపెట్టరాదు. ఇటువంటి పేర్ల కాగితం సాధారణంగా పరీక్ష ఫీజు ప్రకటనల క్రింద కప్పబడి ఉంటుంది. దానిని బాలికల విశ్రాంతి గదిలోను, గ్రంథాలయ ద్వారం వద్దను, తెలుగు ఉర్దూ రెండు భాషలలో పెద్ద అక్షరాలతో అంటించవలెనని కళాశాల కమిటీ వారికి మా మనవి. పూనా గోడలపై ఆ దంపతులు చేసిన పని అంతకంటె పెద్దదేమీ కాదు. చూడవలసినవారి కంటికి కనబడేటట్లు చేసినారు, అంతే.

సావిత్రీబాయి ధైర్యం ఆ ఇంటి గోడల నడుమ ఆగిపోలేదు. 1868లో పుట్టింట ఉన్నపుడు, ఒక బ్రాహ్మణ యువకుని, అతని వలన గర్భవతియైన దళిత యువతిని గ్రామస్థులు వీధుల వెంట త్రిప్పి చంపబోవుచుండగా ఆమె పరుగున పోయి అడ్డుపడినది. ప్రభుత్వ చట్టం ఊరుకొనదని హెచ్చరించి, ఇరువురిని ప్రాణాలతో భర్త వద్దకు పంపినది.

ఆ దంపతులకు సంతానం లేదు. తమ ఆశ్రయ గృహంలో ఒక వితంతువుకు పుట్టిన బిడ్డను 1874లో దత్తత తీసుకొని, యశ్వంత్ అని పేరిడి, వైద్యవిద్య చెప్పించినారు. 1890లో జోతీరావు మరణించినపుడు అంత్యక్రియల కుండను ఎవరు పట్టవలెనన్న తగవు బంధువులు లేవదీయగా, సావిత్రీబాయియే దానిని పట్టి శవం ముందు నడచినది.

1897లో పూనాకు ప్లేగు వచ్చినది. యశ్వంత్ ఊరి వెలుపల హడప్సర్ సమీపాన చికిత్సాలయం తెరచినాడు. ముండ్వా గ్రామంలో ప్లేగు సోకిన ఒక దళిత బాలుని అరువది ఆరేండ్ల సావిత్రీబాయి వీపున మోసుకొని అక్కడికి చేర్చినది. ఆ బాలుడు బ్రతికినాడు. ఆమెకు ఆ వ్యాధియే సోకి మార్చి 10న కన్నుమూసినది. చివరి దినాలలో ఆమెకు వైద్యం చేసినవాడు, ఒకనాడు ఆమె తలుపు తీయకపోతే ఏ నూతిలోనో అంతమై ఉండవలసిన ఆ బిడ్డయే.