తప్పు సమీకరణానిదే!

కంట్రోల్ సిస్టమ్స్ చదివే రోజుల్లో వాన్ డెర్ పోల్ సమీకరణం పేరు చెబితే నాకు గుండెదడ. పరీక్ష గట్టెక్కాక మళ్లీ దాని జోలికి పోలేదు. ఆ సమీకరణంతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవాళ్లలో ఒక ఆడమనిషి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె మేరీ కార్ట్‌రైట్.

1900 డిసెంబరు 17న ఇంగ్లండులోని ఐనో అనే పల్లెలో పుట్టింది. తండ్రి చర్చిలో మతాధికారి. అన్నలిద్దరు మొదటి ప్రపంచయుద్ధంలో పోయారు. 1919లో ఆక్స్‌ఫర్డులో లెక్కల్లో చేరేసరికి ఆ సబ్జెక్టులో ఆడపిల్లలు ఐదుగురే! యుద్ధం నుంచి తిరిగొచ్చిన మగపిల్లలతో క్లాసులు కిక్కిరిసి ఉండేవి. రెండేళ్లకు జరిగిన పరీక్షలో సెకండ్ క్లాసే వచ్చింది. లెక్కలు మానేసి, తనకిష్టమైన చరిత్రకు మారిపోదామా అనుకుంది. మారలేదు. 1923లో ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. (నేనైతే ఆ సెకండ్ క్లాసు దగ్గరే ఆగిపోయేదాన్ని.)

నాలుగేళ్లు స్కూళ్లలో పాఠాలు చెప్పాక, 1928లో హార్డీ దగ్గర పరిశోధనకు చేరింది. మన రామానుజన్‌ని ఇంగ్లండు పిలిపించిన హార్డీయే! 1930లో డాక్టరేటు చేతికొచ్చింది, ఆపైన కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీ.

అసలు కథ 1938లో మొదలైంది. రేడియో ఇంజనీర్లకు కొన్ని సమీకరణాలు కొరుకుడు పడటం లేదు, సాయం చేయండంటూ అక్కడి ప్రభుత్వ రేడియో పరిశోధన మండలి గణితవేత్తలను కోరింది. అవి నాన్ లీనియర్ సమీకరణాలు. అంటే ఏమిటంటారా? స్టవ్ మీద పాలే చూడండి. మంట పెంచేకొద్దీ బుద్ధిగా వేడెక్కుతాయి. ఒక హద్దు దాటాయో, మన లెక్కతో పనిలేకుండా భగ్గున పొంగుతాయి. రాడార్‌కు కావలసిన యాంప్లిఫయర్లదీ అదే తంతు. శక్తి పెంచుతూపోతే ఒక దశలో పిచ్చిపిచ్చిగా ప్రవర్తించేవి. సైనికులు తయారుచేసినవాళ్లను తిట్టుకునేవారు. రాడార్ మొరాయిస్తే పోయేవి ప్రాణాలు మరి. ఇద్దరన్నలను పోగొట్టుకున్న మనిషికి ఇది ఒట్టి లెక్కలా కనిపించి ఉండదనే నా నమ్మకం.

మేరీ ఆ సమస్యను లిటిల్‌వుడ్ దగ్గరకు తీసుకెళ్లింది. ఇద్దరూ ఎక్కువగా ఉత్తరాల మీదే పనిచేశారు. మరోపక్క యుద్ధకాలంలో కాలేజీ రెడ్‌క్రాస్ దళం బాధ్యతా ఆమెదే. చివరికి తేలిందేమిటంటే తప్పు యంత్రానిది కాదు, సమీకరణానిదే! ఒకే పరిస్థితుల్లో రెండు వేర్వేరు లయల్లో అది నిలకడగా ఊగగలదు. ఆ రెంటికీ మధ్య చిక్కుపడ్డ దారపుండలాంటి అస్థిర కదలికలు. ఈ ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. 1942లోనే ఆమె ఉపన్యాసం విన్న ఫ్రీమన్ డైసన్, అందులోని అందం చూశాను గానీ ప్రాధాన్యం గుర్తించలేదని తర్వాత ఒప్పుకున్నాడు. 'కేయాస్' అన్న మాట గణితంలో చలామణీ అయ్యేందుకు ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

1947లో ఆమె రాయల్ సొసైటీ ఫెలో అయింది. ఆమె పాఠాలు చెప్పే కేంబ్రిడ్జి మాత్రం ఆడవాళ్లకు పూర్తిస్థాయి డిగ్రీలివ్వడం 1948లో గానీ మొదలుపెట్టలేదు! 1949 నుంచి 1968 దాకా గిర్టన్ కాలేజీకి అధిపతిగా ఉంది. 1964లో సిల్వెస్టర్ పతకం వచ్చింది.

1998 ఏప్రిల్ 3న కన్నుమూసింది. తన సంస్మరణ సభలో పొగడ్తలు వద్దని ముందే గట్టిగా చెప్పి ఉంచింది. నేను ఆ సభలో లేను కదా, నాలుగు మాటలు రాసేశాను.